సైన్సు అంజనం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల ప్రజలకు ఇంతకాలం అంతశ్చేతన లేకుండానే గడిచిపోయింది. వానలు రాకపోవడానికి, బోర్లు ఎండిపోవడానికి, పట్టు ధర పెరగడానికి అలవాటుపడ్డ జనం కాబట్టి ఈ లోటునూ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. దీని కోసం వినతిపత్రం ఇచ్చినవారు లేరు, రోడ్డు మీద బైఠాయించినవారు లేరు. చివరికి ఎవరూ అడగకుండానే ఉమాశంకర్ ఆ సౌకర్యాన్ని మూడు ఊళ్ళకూ తెచ్చిపెట్టాడు.

ఉమాశంకర్ అంతకుముందు హిందూపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాడు. కప్పను కోసి లోపల ఏముందో చూపించడంలో ఆయనకు మంచి పేరుండేది. కప్పలను కోయడం సిలబస్ నుంచి తీసేశారు గానీ, లోపల ఏముందో చూపించే అలవాటు మాత్రం ఆయన్ను వదల్లేదు. శని, ఆదివారాలు బెంగళూరు రైలెక్కి ఒక కోర్సు చదివివచ్చాడు. మనుషుల లోపల చాలా ఉంటుందని, ఉన్నట్టు వాళ్ళకే తెలియదని, తెలియకపోవడమే అది ఉందనడానికి రుజువని అక్కడ నేర్చుకున్నాడు. ఈ చివరి ముక్క ఆయనకు బాగా నచ్చింది. క్లయింటు ఔనంటే ఉన్నట్టు, కాదంటే మరీ ఎక్కువ ఉన్నట్టు. ఇంత భద్రమైన సూత్రం జంతుశాస్త్రంలో ఎక్కడా తగల్లేదు.

వారం మొదట్లో హిందూపురంలో సొంత క్లినిక్కు, బుధవారం పెనుకొండలో మందుల షాపు వెనక గది, శుక్రవారం ధర్మవరంలో పట్టుచీరల కొట్టు మేడ మీద. మూడు చోట్లా టోకెన్లు ఇవ్వడానికి, వచ్చినవాళ్ళతో కన్నడంలో కావాలంటే కన్నడంలో, తెలుగులో కావాలంటే తెలుగులో మాట్లాడడానికి కల్పన ఉంది. ఆమె ఒకప్పుడు ఆయన శిష్యురాలే. కప్ప గుండె ఎక్కడుందో చూపించమంటే సరిగ్గా చూపించిన అమ్మాయి.

చికిత్సలో దృశ్య సాధనాలు తప్పనిసరి అని కోర్సులో గట్టిగా చెప్పారు. అందుకని మొదట సముద్రంలో తేలే మంచుకొండ బొమ్మను గోడకు తగిలించాడు. నీళ్ళ పైన కనిపించే కాస్త ముక్క మనకు తెలిసిన మనసు, నీళ్ళ కింద దాగిన గుట్ట అంతశ్చేతన. మే నెలలో ఆ బొమ్మ చూసిన హిందూపురం వాళ్ళు, ఆ ఐసు ఏ ఊరినుంచి తెప్పిస్తారని అడిగారు. అన్ని నీళ్ళు ఒకే చోట ఉండడం చూసి ఇద్దరు రైతులు కళ్ళ నీళ్ళు కూడా పెట్టుకున్నారు. ఉమాశంకర్ మంచుకొండను దించేసి బోరుబావి బొమ్మ గీయించాడు. నేల మీద మూరెడు గొట్టం, నేల కింద పాతాళం దాకా చీకటి. అది అందరికీ ఒక్క చూపులో అర్థమైంది. లోపల ఏదో ఉందని ఎవడో చెప్పడం, తవ్వించుకోవడం, తరువాత తలపట్టుకుని కూర్చోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు.

అసలైన సాధనం మాత్రం సిరా మరకల అట్టలు. కాగితం మీద సిరా ఒలికించి, మధ్యకు మడిచి తెరిస్తే రెండు వైపులా ఒకేలా వచ్చే మరక. అది చూపించి, ఏం కనిపిస్తోందని అడగాలి. క్లయింటు ఏం చెప్పినా సరే, తరువాత వాళ్ళ నాయన గురించి అడగాలి.

ధర్మవరంలో ఈ సాధనానికి అపూర్వమైన ఆదరణ దొరికింది. మగ్గం మీద పుట్టి మగ్గం మీద పెరిగిన జనం కాబట్టి, వాళ్ళకు ప్రతి మరకలోనూ బుటానో, అంచో, కొంగు డిజైనో కనిపించింది. బొమ్మకు కుడీ ఎడమా సరిపోవడం చూసి ఒక పెద్దాయన ఆనందంతో తల ఊపాడు. భర్తతో మాటల్లేవని వచ్చిన సాయిసుధ అనే ఆమె అట్టను సెల్‌ఫోనులో ఫోటో తీసుకుని, తన బాధ సంగతి మరచిపోయి మగ్గం దగ్గరికి వెళ్ళిపోయింది. శ్రావణమాసానికి ఆ మరక ఆకుపచ్చ పట్టు మీద జరీతో దిగింది. దంపతులు ఇప్పుడు డిజైను గురించి బాగానే మాట్లాడుకుంటున్నారని విని, ఉమాశంకర్ దాన్ని తన చికిత్స విజయాల్లో మొదటిదిగా లెక్కవేసుకున్నాడు.

పెనుకొండలో మాత్రం పరిస్థితి ఆశాజనకంగా లేదు. బుధవారాలు ఉమాశంకర్, కల్పన, బోరుబావి బొమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చునేవారు. ఇక పెనుకొండ మానేద్దామనుకుంటున్న రోజుల్లో ఆదెమ్మ అనే ముసలామెను కొడుకు తీసుకొచ్చాడు. ఆమెకు నిద్ర పట్టడం లేదు. గేదె తప్పిపోయినందువల్ల నిద్ర పట్టడం లేదని ఆమే చెప్పింది. ఉమాశంకర్ అంత తేలికైన కారణాన్ని ఒప్పుకునే మనిషి కాదు. అట్ట తీసి చూపించాడు.

ఆదెమ్మ దాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. "మా ఎనుము మాదిరి ఉండాది సార్."

"ఎక్కడుంది?"

"యాడనా... ఆ రైలు గేటు కాడ. కంపచెట్ల కింద నిలబడుకోని ఉండాది."

"గేదె అంటే తల్లి. కంప అంటే తండ్రి పెట్టిన ఆంక్షలు. మీ చిన్నతనంలో మీ నాయన..." అని ఉమాశంకర్ అందుకునేలోపే ఆదెమ్మ చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. గేదె రైలు గేటు దగ్గర కంపచెట్ల కిందే దొరికింది. ఎండ ముదిరితే అది అక్కడికే పోతుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసునని కల్పన తరువాత కనుక్కుంది. కానీ అప్పటికే వార్త పెనుకొండ దాటి తలుపుల ఊరి బస్సెక్కింది.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో వస్తువు పోతే అంజనం వేయించడం ఆనవాయితీ. తమలపాకు మీద నల్లటి కాటుక రాసి, చూపు ఉన్న మనిషి చేతికిచ్చి, ఏం కనిపిస్తోంది, ఇంకా ఏం కనిపిస్తోంది అని అడుగుతారు. ఆ నలుపులో పోయిన వస్తువు కనిపిస్తుంది, దాన్ని తీసినవాడూ కనిపిస్తాడు. ఆ పని చేసే పెద్దాయన మూడేళ్ళ కిందట కాలం చేశాక ఆ ఖాళీ భర్తీ కాలేదు. ఇప్పుడు నల్లటి మరక, ఏం కనిపిస్తోందనే ప్రశ్న, గోడకు సర్టిఫికెట్టు, అన్నీ ఉన్న మనిషి దొరికాడు. ప్రజలు ఆ ఖాళీలో ఉమాశంకర్‌ను ఏకగ్రీవంగా నియమించుకున్నారు.

మొదట్లో ఆయన నిజాయితీగానే అడ్డం చెప్పాడు. "ఇది అంజనం కాదమ్మా, సైన్సు" అన్నాడు. జనం గౌరవంగా విన్నారు. కాటుకతో వేసేది మామూలు అంజనం, ఇది సైన్సు అంజనం అని ఒకరికొకరు చెప్పుకున్నారు. మరుసటి బుధవారం వరస మందుల షాపు దాటి బస్టాండు దాకా పోయింది. పోయిన కోడి, పోయిన ముక్కుపుడక, పోయిన మొగుడు, అన్నింటి కోసం వచ్చారు. వచ్చినవాళ్ళందరికీ ఎవరో ఒకరు కనిపించారు. కొందరికి తోడికోడలు కనిపించింది, ఎక్కువమందికి పక్కింటివాళ్ళు. ఉమాశంకర్ అందరినీ వాళ్ళ నాయనల గురించి అడిగి పంపించేవాడు. ఆ ప్రశ్నను వాళ్ళు అంజనంలో మంత్రం కింద జమకట్టుకుని ఓపిగ్గా జవాబు చెప్పేవారు. వరస అలా పెరుగుతూ పోతుంటే, అడ్డం చెప్పాలన్న కోరిక ఆయనలో క్రమంగా అంతశ్చేతనలోకి దిగిపోయింది.

ఈ దశలో గువ్వలకుంట గ్రామంలో మారెమ్మ తల్లి వెండి కళ్ళు కనిపించకుండా పోయాయి.

గువ్వలకుంట పెనుకొండకు కూతవేటు దూరం. గుడి కమిటీ అధ్యక్షుడు చంద్రప్ప. గుడి తాళంచెవుల్లో ఒకటి ఆయన దగ్గర, ఒకటి పూజారి ఓబులేసు దగ్గర ఉంటాయి. పోలీసులకు చెబుదామని కుర్రాళ్ళు అంటే, ఊరి పరువు పోతుందని చంద్రప్ప వద్దన్నాడు. కళ్ళు పోయిన నెలలోనే ఆయన ఇంటి ముందు కొత్త కారు నిలబడింది. మేడ మీద మరో అంతస్తు కూడా లేస్తోంది. ఇవన్నీ ఉన్న విషయాలు గనుక చెబుతున్నాం, మనసులో ఏమీ పెట్టుకుని కాదు.

అదే ఊళ్ళో నాగన్న గొర్రెలు కాస్తాడు. అతని దొడ్డి గుడి వెనకే. అతనికి రోడ్డు పక్కన కొంచెం మెట్టచేను ఉంది. బోర్లు వేసి వేసి నీళ్ళు పడక బీడు పెట్టిన చేను. ఆ రోడ్డు మీద కార్ల ఫ్యాక్టరీ వచ్చాక చంద్రప్ప ఆ చేనును ప్లాట్లు వేద్దామని అడిగాడు. నాగన్న ఇవ్వనన్నాడు. కారణం అడిగితే, గొర్రెలు యాడ మేయల్ల అన్నాడు. ఊళ్ళో ఎండలోనూ చలిలోనూ నల్ల గొంగడి కప్పుకు తిరిగేవాడు అతనొక్కడే.

చంద్రప్ప కమిటీని వెంటబెట్టుకుని బుధవారం పెనుకొండ వచ్చాడు. పెద్దమనిషి కాబట్టి టోకెను లేకుండానే లోపలికి వచ్చాడు. అట్టను చేతిలోకి తీసుకున్న మరుక్షణమే ఆయనకు కనిపించింది.

"మనిషి సార్. నల్ల గొంగడి కప్పుకోని ఉండాడు. పక్కన గొర్రె. చేతిలో ఏందో తెల్లగా మెరుస్తాండాది."

ఆ అట్టలో తెలుపు ఎక్కడుందో ఉమాశంకర్‌కు తెలుసు. సిరా పడని చోటల్లా తెలుపే. కోర్సులో చెప్పిన ముఖ్యమైన పాఠం ఒకటి ఆయనకు అప్పుడు గుర్తుకొచ్చింది. మరకలో కనిపించేది బయట ఉన్నది కాదు, చూసేవాడి లోపల ఉన్నది. ఆ పాఠాన్ని ఆయన చాలామంది మీద ప్రయోగించాడు. ఆదెమ్మ మీద ప్రయోగించాడు, కోడి పోయినవాళ్ళ మీద ప్రయోగించాడు. చంద్రప్ప మీద ప్రయోగించడానికి మాత్రం సమయం అనుకూలించలేదు. ఎందుకంటే ఆ సమయంలో చంద్రప్ప గది చుట్టూ చూస్తూ, "ఈ ఇరుకులో యట్ల కూసోనుండారు సార్? బస్టాండు ముందర మన బిల్డింగులో కింద గది ఖాళీగా ఉండాది. మీ మాదిరి వాళ్ళు ఉంటే మాకే గౌరవం. దుడ్ల మాట ఎత్తొద్దు" అన్నాడు.

ఆదివారం గుడి ముందు పంచాయితీ పెట్టారు. ఉమాశంకర్‌ను కారు పంపి పిలిపించారు. దారిలో కల్పన అంది. "సార్, ఆ నాగన్న కొడుక్కి ముదిగుబ్బలో సంబంధం కుదిరిందంట. ఇది బయటికి పోతే వాళ్ళు రారు. మీరు ఒగ మాట చెప్తే చాలు. అది ఒట్టి సిరా అని."

"చెబుతాను" అన్నాడు ఉమాశంకర్. చెప్పాలనే అనుకున్నాడు కూడా. ఆయన చెడ్డవాడు కాదు. ఈ కథలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు, అందుకే ఇంత దూరం వచ్చింది.

సభలో శాలువా కప్పారు, పూలదండ వేశారు. నాగన్నను ఎదురుగా నేల మీద కూర్చోబెట్టారు. "తల్లి మింద ఒట్టు, నేను తీయల్యా" అని అతను అప్పటికే చాలాసార్లు చెప్పి అలసిపోయి ఉన్నాడు. అతని భార్య కుళ్ళాయమ్మ ఆడవాళ్ళ గుంపులో వెనకగా నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె పక్కన ఖాళీ ఉన్నా ఎవరూ నిలబడలేదు.

ఉమాశంకర్ లేచి మైకు సర్దుకున్నాడు. "సభకు నమస్కారం. మనిషి మనసు ఒక అగాధం. ఈ అట్టలో కనిపించేది బయటి ప్రపంచం కాదు, చూసేవారి అంతరంగం. దీన్ని మా శాస్త్రంలో ప్రక్షేపణ అంటారు. అంటే, ఎవరికి ఇందులో దొంగ కనిపిస్తాడో, ఆ దొంగ..."

అక్కడ ఆయన ఆగాడు. జనం మెల్లగా చంద్రప్ప వైపు తలలు తిప్పుతున్నారు. చంద్రప్ప మాత్రం ఉమాశంకర్ వైపే చూస్తున్నాడు. ఆయన చూపుడువేలికి బస్టాండు గది తాళంచెవి వేలాడుతోంది.

"అయితే," అన్నాడు ఉమాశంకర్, "చంద్రప్పగారి వంటి నిర్మల హృదయుల విషయంలో అంతరంగానికీ బయటి ప్రపంచానికీ మధ్య తెర చాలా పలచగా ఉంటుంది. అటువంటి హృదయంలో సత్యం కూడా ప్రతిఫలించే అవకాశాన్ని శాస్త్రం తోసిపుచ్చదు."

శాస్త్రం తోసిపుచ్చనిదాన్ని గువ్వలకుంట ఎందుకు తోసిపుచ్చుతుంది? చప్పట్లు సద్దుమణిగాక నాగన్న లేచి నిలబడ్డాడు.

"సార్, నాకు సదువు రాదు. ఒగటే అడుగుతా. ఆ అట్ట మింద ఉండేది నేనా, సిరానా?"

ఇంత సూటి ప్రశ్న కోర్సులో ఎవరూ అడగలేదు. ఉమాశంకర్‌కు సిరా అనే రెండక్షరాలు నాలుక చివరిదాకా వచ్చాయి. ఆయనకు ఆ క్షణంలో నిజంగా సిగ్గేసిందని చెప్పకపోతే అన్యాయం. కానీ బుధవారం వరస, బస్టాండు ముందు బోర్డు, భుజాల మీద శాలువా, అన్నీ ఆ రెండక్షరాల కిందే ఉన్నాయి.

"చాలా లోతైన ప్రశ్న నాగన్నా. రెండూ ఒకటే కావచ్చు" అన్నాడు. ఈ వాక్యానికి ముందటికన్నా ఎక్కువ చప్పట్లు పడ్డాయి.

గువ్వలకుంట నాగరికమైన ఊరు. ఎవరూ నాగన్నను కొట్టలేదు, తిట్టలేదు. హోటల్లో అతనికి టీ అయిపోయిందని చెప్పేవారు. కొళాయి దగ్గర కుళ్ళాయమ్మ వంతు వచ్చేసరికి నీళ్ళు ఆగిపోయేవి. తల్లి గుడి వెనక దొంగ దొడ్డి ఉండకూడదని, దొడ్డిని గుట్ట అవతలికి మార్చుకోమని మర్యాదగా కోరారు. ముదిగుబ్బ సంబంధం వాళ్ళు ఫోను చేసి, జాతకాలు మళ్ళీ చూపించామని, కొంచెం తేడా వచ్చిందని చెప్పారు. ఉమాశంకర్ బస్టాండు ముందు గదిలోకి మారాడు. బోర్డు మీద మనోవిశ్లేషణ అనే మాట పెద్ద అక్షరాలతో రాయించాడు. కింద అంజనం అని రాయించాలని చంద్రప్ప పట్టుబడితే, విద్యావంతుడు కాబట్టి ఒప్పుకోలేదు.

చైత్రంలో జాతర వచ్చింది. జాతరకు ముందు తల్లి విగ్రహానికి ఏడాది పొడుగునా పేరుకున్న పసుపు, కుంకుమ, నూనె తీసేసి స్నానం చేయించాలి. ఆ ఏడాది ఎవరో తల్లి వీడియో తీసి పెట్టడంతో భక్తులు ఎక్కువై, వచ్చినవాళ్ళందరూ తలా ఇంత పసుపు పులిమి పోయారు. పూజారి ఓబులేసు చెంచాతో పెచ్చులు పెచ్చులుగా గోకుతుంటే, లోపలినుంచి వెండి కళ్ళు రెండూ అతని వైపు చూశాయి. ఎక్కడ అతికించినవి అక్కడే ఉన్నాయి. తల్లి కళ్ళను ఎవరూ తీయలేదు. భక్తి మందమై కప్పేసింది.

చంద్రప్ప కూడా తీయలేదు. ఈ మాట ప్రత్యేకంగా ఎందుకు చెప్పాల్సి వస్తోందో పాఠకులకు తెలుసు. తాళంచెవి, కొత్త కారు, పోలీసులు వద్దనడం చదవగానే మీరు ఆయన మీద ఒక నిర్ణయానికి వచ్చేశారు. ఆ కారు ఆయన అల్లుడిది. పోలీసులంటే ఆయనకు చిన్నప్పటినుంచి భయం. మీకు మేము ఏ అట్టా చూపించలేదు, మీ నాయన గురించి అడగనూ లేదు. అయినా మీకు దొంగ కనిపించాడు. గువ్వలకుంట వాళ్ళ మీద మరీ కోపం తెచ్చుకోకండి.

కళ్ళు దొరకడంతో ఊరికి పెద్ద చిక్కు వచ్చిపడింది. పోయినప్పుడు ఇంత చిక్కు రాలేదు. నాగన్న దొంగ కాకపోతే ఊరు తప్పు చేసినట్టు. ఊరు ఎన్నడూ తప్పు చేయలేదు. చంద్రప్పకు కనిపించింది అబద్ధమైతే పెద్దరికం పోతుంది. అట్ట అబద్ధమైతే, ఆదెమ్మ గేదెతో మొదలుపెట్టి అందరికీ కనిపించిన తోడికోడళ్ళ సంగతి తిరగదోడాలి. కొందరు పెద్దలు కళ్ళను మళ్ళీ పసుపుతో కప్పేస్తే ఎలా ఉంటుందని కూడా ఆలోచించారు. చివరికి అందరూ కలిసి సైన్సును పిలిచారు.

ఉమాశంకర్ ఈసారి బోరుబావి బొమ్మను వెంట తెచ్చి మైకు కర్రకు తగిలించాడు.

"నాగన్న దొంగతనం చేయలేదు. ఇది మనందరికీ శుభవార్త. అయితే, చేయకపోవడం వేరు, చేయాలన్న కోరిక లేకపోవడం వేరు. ఈ బొమ్మ చూడండి. పైన కనిపించేది మూరెడు గొట్టం. కోరిక ఉండేది అడుగున. నీళ్ళు పైకి రానంత మాత్రాన లోపల లేవని ఏ రైతూ అనడు. అట్టలో చంద్రప్పగారికి కనిపించింది జరిగిన నేరం కాదు, జరగబోయే నేరం. గ్రామం సకాలంలో స్పందించింది కాబట్టే అది జరగకుండా ఆగింది. ఇందుకు మీ అందరినీ అభినందిస్తున్నాను."

గువ్వలకుంట ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది. తప్పు చేశామేమోనని వచ్చిన జనానికి, ఒక నేరాన్ని ఆపామని తెలిసింది. ఆడవాళ్ళు తల్లికి హారతి ఇచ్చారు. గుంపు చివర నిలబడిన నాగన్న, ఎవరినీ ఉద్దేశించకుండా అన్నాడు. "మా చేన్లో అన్నిసార్లు తవ్వినాం, చుక్క పడల్యా. నాలో మాత్రం ఒగే దెబ్బకు పడిందే." ఎవరూ నవ్వలేదు. అది నవ్వాల్సిన మాటో కాదో తేల్చుకోలేకపోయారు.

కమిటీ ఉదారంగా తీర్మానం చేసింది. నాగన్నకు గ్రామం తరఫున ఉచిత చికిత్స చేయించాలి. కోరిక పోయిందని సార్ సర్టిఫికెట్టు ఇచ్చిన రోజునుంచి టీ, నీళ్ళు, దొడ్డి యథాప్రకారం. ముదిగుబ్బకు కబురు పంపితే, వాళ్ళు కూడా సర్టిఫికెట్టు చూశాక మాట్లాడుకుందాం, ఆషాఢం లోపల అయితే మేలు అన్నారు.

నాగన్న బుధవారాలు పెనుకొండ రావడం మొదలుపెట్టాడు. గొంగడి బయట విప్పి, మడిచి, బెంచీ మీద పెట్టి లోపలికి వచ్చేవాడు. మొదటి బుధవారం ఉమాశంకర్ అట్ట చూపించి, ఏం కనిపిస్తోందని అడిగాడు. "సిరా సార్" అన్నాడు నాగన్న. దీన్ని ప్రతిఘటన అంటారు, మొదట్లో సహజమే, కంగారు పడవద్దని ఉమాశంకర్ ధైర్యం చెప్పాడు. తరువాతి బుధవారం కూడా సిరాయే కనిపించింది. ప్రతిఘటన ముదిరిందని ఉమాశంకర్ దిగులుపడ్డాడు. ఆ దిగులు బూటకం కాదు. నాగన్నకు నయం చేయాలని ఆయన మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాడు. నయం చేస్తే, మొదట జబ్బు ఉండేదన్న మాట నిజమవుతుంది.

జ్యేష్ఠం వెళ్ళిపోవచ్చింది. ఆ బుధవారం నాగన్న అట్టను చేతిలోకి తీసుకుని, చూడకుండానే ఒళ్ళో పెట్టుకున్నాడు.

"సార్, పిల్లోడు అన్నం సరిగా తినడంల్యా. ఆ ముదిగుబ్బ యమ్మినే చేసుకుంటా అంటాండాడు. ఆషాఢం వస్తే వాండ్లు వేరేచోట ఇచ్చేస్తారంట. దీంట్లో ఏం కనపడల్లో మీరే చెప్పండి. అదే చూస్తా."

"అలా చెప్పకూడదు నాగన్నా. శాస్త్రం ఒప్పుకోదు. నీకై నీకు కనిపించాలి" అన్నాడు ఉమాశంకర్. అంటూ ఆయన చూపు ఒక్కసారి బయట బెంచీ మీద మడిచిపెట్టిన గొంగడి మీదికి పోయి వచ్చింది. ఆయన కావాలని చూశాడో, చూపు తనంతట తను పోయిందో మనకు తెలియదు.

నాగన్న కూడా తల తిప్పి గొంగడిని చూశాడు. తరువాత అట్ట ఎత్తుకుని చాలాసేపు చూశాడు.

"మనిషి సార్. గొంగడి కప్పుకోని ఉండాడు."

"ఏం చేస్తున్నాడు?"

"ఏందో తీసుకుంటాండాడు."

"ఎవరు నాగన్నా అతను?"

"నేనే సార్."

ఉమాశంకర్ కళ్ళు చెమర్చాయి. ఒక మనిషి తనను తాను తెలుసుకోవడం చూసే భాగ్యం ఈ వృత్తిలో అరుదుగా దొరుకుతుందని కోర్సులో చెప్పారు. ఆయన లేచి నాగన్న భుజం తట్టి, అక్కడికక్కడే సర్టిఫికెట్టు రాసిచ్చాడు. గ్రహీత తన దొంగ కోరికను గుర్తించి, దానినుంచి పూర్తిగా విముక్తుడయ్యాడని, ఇకమీదట ఇతనితో టీ తాగడానికి, బంధుత్వం కలుపుకోవడానికి అభ్యంతరం లేదని అందులో ఉంది. నాయన గురించి అడగడం కూడా ఆ సంతోషంలో మరచిపోయాడు.

బయట కల్పన ఆ కాగితానికి క్లినిక్కు ముద్ర వేసి ఇచ్చింది. తల ఎత్తి అతని మొహం చూడలేకపోయింది. నాగన్న కాగితాన్ని మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, గొంగడి భుజాన వేసుకుని, వెళ్ళబోతూ ఆగాడు.

"అమ్మా, దినామ్మూ చూస్తాంటావు గదా. నీకేం కనపడతాది దాంట్లో?"

కల్పన తలుపు వైపు ఒకసారి చూసి, మెల్లగా అంది. "సిరా."

నాగన్న కూడా తలుపు వైపు చూశాడు. వరసలో కూర్చున్నవాళ్ళ వైపు చూశాడు. ఆమె వైపు వంగి గొంతు తగ్గించి అన్నాడు.

"ఆ మాట ఈడ యాడా అనొద్దు తల్లీ. నీకూ సర్టిఫికెట్టు కావల్సి వస్తాది."